‘ఆఖరి అస్త్రం’ అనే సాకు

గుండె లయ తప్పి ప్రాణం మీదికి వచ్చిన రోగుల విషయంలో వైద్యుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. రేడియేషన్‌తో ఆ లయను దారికి తేవచ్చని వాళ్లకు తెలుసు. అయినా దాన్ని ఆఖరి అస్త్రంగానే ఉంచాలట. మందులన్నీ వాడేసి, కాథెటర్ చికిత్స ఒకటికి రెండుసార్లు విఫలమై, ఇక చేయగలిగింది ఏమీ లేదన్నప్పుడే దాని పేరెత్తాలట. వినడానికి ఎంతో బాధ్యత గల మాటలాగే ఉంటుంది. నేను దీన్ని ఒప్పుకోను. రోగికి మేలు జరగగల సమయాన్ని చేజేతులా దాటబెట్టి, ఆ తర్వాత వచ్చిన అరకొర ఫలితాలను చూపించి చికిత్సనే అనుమానించడానికి ఈ సూత్రం దారి తీస్తోంది. పైగా అసలు తేలాల్సిన ప్రశ్నను ఏళ్ల తరబడి తేలకుండా ఆపుతోంది.

ముందు జబ్బు సంగతి చూద్దాం. గుండెపోటు వచ్చి తేరుకున్న మనిషికి చచ్చిపోయిన గుండె కండరం మచ్చగా మిగులుతుంది. ఆ మచ్చ పూర్తిగా మృత కణజాలమే అయితే ఇంత గొడవ ఉండేది కాదు. దాని మధ్యలో అక్కడక్కడా బతికి ఉన్న కండరపు పోగులు ఉంటాయి. విద్యుత్ సంకేతం వాటిగుండా మెల్లగా సాగి అవతలి ఒడ్డుకు చేరేసరికి, చుట్టూ ఉన్న మంచి కండరం మళ్లీ స్పందించడానికి సిద్ధమై ఉంటుంది. దాంతో సంకేతం గానుగెద్దులా ఆ మచ్చ చుట్టూనే తిరుగుతుంది. తిరిగిన ప్రతిసారీ గుండె ఒకసారి కొట్టుకుంటుంది. అలా నిమిషానికి 150, 180, ఒక్కోసారి 200 సార్లు. దీన్నే వెంట్రిక్యులర్ టాకీకార్డియా అంటారు, పొట్టిగా వీటీ. ఆ వేగంలో గుండె నిండడానికే వ్యవధి ఉండదు, ఇక రక్తాన్ని ముందుకు ఏం నెడుతుంది? కళ్లు తిరుగుతాయి, మనిషి కూలబడతాడు. అది గుండె కొట్టుకోకుండా వణికిపోయే ఫిబ్రిలేషన్‌గా మారితే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది.

ఇలాంటివాళ్ల కోసమే ఐసీడీ ఉంది. మిషెల్ మిరోవ్‌స్కీ అనే వైద్యుడి పట్టుదల వల్ల 1980లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనిషికి అమర్చిన యంత్రం అది. లయ తప్పగానే పసిగట్టి షాక్ ఇస్తుంది, ప్రాణం నిలబెడుతుంది. కానీ లయ తప్పకుండా ఆపలేదు. మెలకువగా ఉన్నప్పుడు ఆ షాక్ తగిలినవాళ్లు మళ్లీ ఎప్పుడు తగులుతుందోనన్న భయంతోనే రోజులు గడుపుతారు. స్నానాల గదిలోకి ఒంటరిగా వెళ్లరు, గడియ పెట్టుకోరు, బస్సెక్కరు. 24 గంటల్లో మూడు అంతకుమించి విడివిడి దాడులు వస్తే దాన్ని ఎలక్ట్రికల్ స్టార్మ్ అంటారు. ఆ తుఫానులో యంత్రం షాక్ మీద షాక్ ఇస్తూ పోతుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ గుండెపోటు తర్వాత ఐసీడీతో బతుకుతున్న కుటుంబాలు ఉన్నాయి, ‘మెషిన్ కొట్టింది’ అనే మాట వాళ్ల ఇళ్లలో ఎంత భయంతో పలుకుతుందో వాళ్లకే తెలుసు.

షాకులు తగ్గించడానికి ఇప్పుడున్నవి రెండు దారులు. ఒకటి అమియోడరోన్ వంటి మందులు. రెండోది కాథెటర్ అబ్లేషన్. తొడ దగ్గరి రక్తనాళం నుంచి తీగను గుండెలోకి పంపి, ఆ సంకేతం తిరిగే దారిని వెతికి, వేడితో కాల్చి మూసేయడం. ‘ఆఖరి అస్త్రం’ వాదులు ఈ రెంటినీ సురక్షితమైన, రుజువైన దారులుగా, రేడియేషన్‌ను ప్రమాదకరమైన ప్రయోగంగా చూపిస్తారు. వాళ్ల వాదనకు పునాది ఈ తేడాయే. అది ఎంత గట్టిదో చూడాలి.

అమియోడరోన్ 1960లలో బెల్జియంలో ఛాతీనొప్పి మందుగా పుట్టింది. లయ మీద దాని ప్రభావం తర్వాత బయటపడింది. అది పని చేస్తుంది, నిజమే. థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది, కొందరిలో ఊపిరితిత్తులను తిరిగిరానంతగా పాడుచేస్తుంది, అవీ నిజమే. మందు ఆపేసినా శరీరంలోంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది. ఇంత తెలిసినా దాన్ని ఎవరూ ఆఖరి అస్త్రం అనరు, మొదటి చీటీలోనే రాస్తారు.

ఇక కాథెటర్. 2016లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన వానిష్ పరీక్షను తీసుకోండి. పాత గుండెపోటు ఉండి, ఐసీడీ ఉండి, మందు వాడుతున్నా వీటీ వస్తున్న 259 మందిని రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి కాథెటర్ అబ్లేషన్, మరో వర్గానికి మందుల మోతాదు పెంపు. కాథెటరే మెరుగని తేలింది. కానీ ఆ గెలుపు ఎంతటిదో అంకెలు చూడండి. మరణం గానీ, తుఫాను గానీ, తగిన కారణంతో షాక్ గానీ ఎదురైనవాళ్లు మందుల వర్గంలో 68.5 శాతం, కాథెటర్ వర్గంలో 59.1 శాతం. అంటే మెరుగైన దారిలో వెళ్లినవాళ్లలో కూడా సగానికి మించి ఈ మూడింట్లో ఏదో ఒకదాని పాలబడ్డారు. ఇది కాథెటర్ వైద్యుల నైపుణ్యాన్ని తక్కువ చేసే మాట కాదు. మచ్చ గుండెగోడ లోతుల్లో ఉంటే తీగ కొసన పుట్టే వేడి అక్కడిదాకా చేరదు. గుండె రెండు గదుల మధ్య గోడలో దాగి ఉంటే అంతకన్నా కష్టం. మైట్రల్, అయోర్టిక్ కవాటాలు రెండూ లోహపు కృత్రిమ కవాటాలైతే ఎడమ జఠరికలోకి తీగను పంపే మామూలు దారులన్నీ మూసుకుపోతాయి. ఇన్ని అడ్డంకుల మధ్య, బలహీనమైన గుండె గల మనిషిని గంటల తరబడి బల్ల మీద ఉంచి, మత్తిచ్చి, వీటీని కావాలని రప్పించి వెతకాలి.

రేడియేషన్ కిరణానికి ఈ అడ్డంకులు లేవు. లోతు, కవాటం, గోడ మందం, ఇవేవీ దాన్ని ఆపలేవు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో వాషింగ్టన్ యూనివర్సిటీకి చెందిన ఇద్దరు వైద్యులు, గుండె లయ నిపుణుడు ఫిలిప్ కుకులిచ్, క్యాన్సర్ రేడియేషన్ నిపుణుడు క్లిఫర్డ్ రాబిన్సన్, ఈ దారిలో గట్టి అడుగు వేశారు. అంతకుముందే స్టాన్‌ఫర్డ్‌లోనూ, చెక్ దేశంలోని ఓస్త్రావాలోనూ సైబర్‌నైఫ్ అనే రేడియేషన్ యంత్రంతో ఒక్కొక్క రోగి మీద ప్రయత్నాలు జరిగాయి. సెయింట్ లూయిస్ బృందం చేసిందేమిటంటే, శరీరం మీద 256 ఎలక్ట్రోడ్లున్న జాకెట్ తొడిగి, లోపలికి ఏ తీగా పంపకుండానే వీటీ ఎక్కడ మొదలవుతుందో పటం గీశారు. ఆ పటాన్ని స్కాన్‌లలో కనిపించే మచ్చతో సరిపోల్చి, ఊపిరికీ గుండె చప్పుడుకీ లక్ష్యం ఎంత కదులుతుందో లెక్కగట్టి, ఒకే ఒక్కసారి 25 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలమానం) మోతాదు ఇచ్చారు. క్యాన్సర్‌కు ‘కరెంటు పెట్టే’ ఆ లీనియర్ యాక్సిలరేటర్‌తోనే. మనిషి యంత్రం కింద ఉన్నది సగటున 14 నిమిషాలు.

2017 డిసెంబర్‌లో వాళ్లు ఐదుగురి ఫలితాలు ప్రచురించారు. చికిత్సకు ముందు మూడు నెలల్లో ఐదుగురికీ కలిపి 6,577 వీటీ దాడులు. చికిత్స తర్వాత మొదటి ఆరు వారాల్లో 680. ఆ తర్వాత అందరి నెలలూ కలిపి లెక్కిస్తే 46 నెలల్లో నాలుగు. ఐదుగురిలో 83 ఏళ్ల రోగి మూడు వారాలకే పక్షవాతంతో చనిపోయారు, ఆ సంగతీ వాళ్లు దాచలేదు. 2019లో 19 మందితో ఎన్‌కోర్-వీటీ అధ్యయనం వచ్చింది. ఆరు నెలల కాలంలో వీటీ దాడుల మధ్యస్థ సంఖ్య 119 నుంచి 3కు పడిపోయింది. ఏడాది చివర బతికి ఉన్నవారు 72 శాతం.

‘ఆఖరి అస్త్రం’ వాదులు పట్టుకునేది ఈ 72నే. నాలుగింట ఒక వంతు కన్నా ఎక్కువమంది ఏడాదిలో పోయారు కదా, ఇదేం చికిత్స అంటారు. తర్వాత ఇతర కేంద్రాల్లో ఫలితాలు మొదటి ఐదుగురిలో వచ్చినంత గొప్పగా రాలేదనీ, చాలామందిలో వీటీ తిరగబెట్టిందనీ గుర్తు చేస్తారు. అంకెలన్నీ నిజమే. కానీ ఈ అంకెలు ఎవరివి? మందులు పని చేయనివాళ్లవి, కాథెటర్ పని చేయనివాళ్లవి లేదా కాథెటర్‌ను తట్టుకోలేనివాళ్లవి. వాళ్ల గుండె బలం అప్పటికే ఎంతో తగ్గిపోయింది. లయ సరిపడినా పంపు కూలిపోతున్న మనుషులు వాళ్లు. అందరికన్నా బలహీనులను ఎంచి రేడియేషన్ వైపు పంపేది ఈ సూత్రమే, వాళ్లు చనిపోతే ఆ మరణాలను రేడియేషన్ ఖాతాలో రాసేదీ ఈ సూత్రమే. ఆ లెక్కతో మళ్లీ ‘చూశారా, అందుకే ఆఖరికి ఉంచాం’ అంటుంది. ఈ వలయంలోంచి ఏ చికిత్సా గెలిచి బయటికి రాలేదు. కాథెటర్ అబ్లేషన్‌ను కూడా మొదటినుంచీ చావుబతుకుల్లో ఉన్నవాళ్లకే పరిమితం చేసి ఉంటే, ఇవాళ దాన్ని చేసే చేతులు కూడా ఉండేవి కావు.

ఒకే స్థితిలో ఉన్న రోగులను పక్కపక్కన పెట్టి చూస్తే ఏమవుతుంది? సెయింట్ లూయిస్ బృందమే 2025లో అలాంటి పోలికను ముందుకు తెచ్చింది. తీవ్రమైన వీటీతో బాధపడుతున్న 43 మందిలో 22 మందికి రేడియేషన్, 21 మందికి మళ్లీ కాథెటర్. వీటీని అదుపు చేయడంలో రెండూ దాదాపు సమానం. ఏడాదిలోపు చికిత్సకు సంబంధించిన తీవ్రమైన దుష్ఫలితాలు మాత్రం కాథెటర్ వర్గంలో 38 శాతం, రేడియేషన్ వర్గంలో 9 శాతం. ఇది పాత రికార్డులు వెతికి చేసిన పోలిక, ఎవరికి ఏ చికిత్సో చీటీ తీసి నిర్ణయించింది కాదు. రోగుల సంఖ్య చిన్నది. చేసినవాళ్లు ఈ పద్ధతికి ఆద్యులు. ఈ మూడు లోపాలనూ నేను తక్కువ చేయను, దీన్ని తీర్పుగా చూపించను. అయితే కాథెటర్ సురక్షితం, రేడియేషన్ ప్రమాదం అనే మాటకు ఎదుటిపక్షం దగ్గర ఈ పాటి రుజువైనా ఉందా? రెండోసారి, మూడోసారి చేసే కాథెటర్ చికిత్స రేడియేషన్ కన్నా సురక్షితమని చూపించిన పోలిక ఏదైనా ఉంటే వాళ్లు ముందు పెట్టాలి.

ఇప్పుడు అన్నిటికన్నా బలమైన అభ్యంతరం. దీన్ని పక్కకు నెట్టడం నాకు ఇష్టం లేదు. రేడియేషన్ గుండెకు హాని చేస్తుంది, ఆలస్యంగా చేస్తుంది. రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న స్వీడన్, డెన్మార్క్ మహిళల మీద సారా డార్బీ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం దీనికి తిరుగులేని సాక్ష్యం. గుండెకు చేరే సగటు మోతాదు ఒక గ్రే పెరిగితే తీవ్ర హృద్రోగ ముప్పు 7.4 శాతం పెరిగింది. ఇంతకన్నా తక్కువైతే ఫరవాలేదు అనే హద్దు కనిపించలేదు. ముప్పు ఐదేళ్లలోపే మొదలై మూడో దశాబ్దంలోనూ కొనసాగింది. వీటీ చికిత్సలోనూ ఆలస్యపు గాయాలు బయటపడ్డాయి. గుండెపొరలో నీరు చేరడం, ఊపిరితిత్తి వాపు, కవాటాలు దెబ్బతినడం. ఎన్‌కోర్ రోగుల్లో ఒకరికి రెండేళ్లు దాటాక పొట్టకీ గుండెపొరకీ మధ్య రంధ్రం పడి ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. గుండె అడుగు గోడకు పొట్ట ఆనుకునే ఉంటుంది కాబట్టి ఈ ముప్పు ముందే ఊహించదగ్గది.

ఈ సాక్ష్యం చెప్పేదేమిటి? ముప్పై ఏళ్ల యువతికి ఇరవై ఏళ్ల తర్వాతి హాని పెద్ద విషయం. పుట్టుకతో వచ్చిన లయ జబ్బున్న పాతికేళ్ల కుర్రాడికి రేడియేషన్ ఇవ్వాలని నేను అనడం లేదు, ఎవరైనా అంటే వ్యతిరేకిస్తాను. అరవై దాటి, పాత గుండెపోటు మచ్చతో, కాథెటర్ ఒకసారి విఫలమై, షాకులు తింటున్న మనిషి లెక్క వేరు. అతనికి పొంచి ఉన్న ముప్పు ఇరవై ఏళ్ల తర్వాతది కాదు, వచ్చే మూడు నెలలది. అయినా పొట్టను తప్పించే కోణం లేకపోతే, మచ్చ కవాటాన్ని ఆనుకుని ఉంటే ఇవ్వకూడదు. ఇలా మనిషిని బట్టి, మచ్చ ఉన్న చోటును బట్టి గీత గీయడం వైద్యం. అందరికీ ఒకే చోట, అన్నిటికన్నా చివర గీత గీసేసి దానికి జాగ్రత్త అని పేరు పెడితే రోగిని పరిశీలించే పనే తప్పించుకున్నట్టవుతుంది. అదీగాక, ఆలస్యపు గాయాల అసలు లెక్క తేలాలంటే చికిత్స తర్వాత ఐదేళ్లు, పదేళ్లు బతకగలిగే రోగులకు ఇది అందాలి. ఏడాదిలో పోయేవాళ్లకే ఇస్తూ ఉంటే ఆ లెక్క ఎన్నటికీ తేలదు.

‘ఎలా పని చేస్తుందో తెలియదు కదా’ అనే అభ్యంతరం మీద ఎక్కువసేపు ఆగనక్కరలేదు. ఎలా పని చేస్తుందో తెలియకుండానే వైద్యం ఎన్నో మందులు వాడింది. పైగా ఇక్కడ తెలుస్తున్నది ఆసక్తికరంగా ఉంది. రేడియేషన్ కణజాలాన్ని మచ్చగా మార్చి దారి మూస్తుందని మొదట అనుకున్నారు. మచ్చ కట్టడానికి నెలలు పడుతుంది, వీటీ మాత్రం కొన్ని రోజుల్లోనే తగ్గుతోంది. రెండూ పొసగలేదు. శాస్త్రవేత్త స్టేసీ రెంట్ష్లర్ ప్రయోగశాల 2021లో దీనికి ఒక సమాధానం చూపించింది. రేడియేషన్ తగిలిన గుండె కణాల్లో సోడియం ఛానళ్లు పెరిగి, విద్యుత్ సంకేతం వేగంగా పోతోంది. వేగంగా పోయే సంకేతం ఆ వలయంలో చిక్కుకోదు. ఇది మనుషుల్లోనూ ఇలాగే రుజువైతే 25 గ్రేల కన్నా తక్కువ మోతాదు సరిపోతుందా అన్న ప్రశ్న లేస్తుంది. మోతాదు తగ్గితే నేను పైన ఒప్పుకున్న హానులన్నీ తగ్గుతాయి. ఇంత విలువైన ప్రశ్నకు జవాబు వెతకాలంటే రోగులు కావాలి, అదీ కోలుకునే శక్తి మిగిలి ఉన్న రోగులు.

ఇక్కడ మరో పక్షం గురించి కూడా ఒక మాట. కత్తి లేదు, కోత లేదు, పావుగంటలో గుండె జబ్బు మాయం అని ప్రచారం చేసేవాళ్లు కొందరు ఉన్నారు. వాళ్లూ ఈ చికిత్సకు శత్రువులే. ఆ పావుగంట వెనక రోజుల తరబడి పటాలు, లెక్కలు, ఇద్దరు ముగ్గురు నిపుణుల వాదోపవాదాలు ఉంటాయి. లయ నిపుణుడు చూపించిన చోటుకీ రేడియేషన్ వైద్యుడు తెరమీద గీసిన గీతకీ కొన్ని మిల్లీమీటర్ల తేడా వచ్చినా మంచి కండరం కాలుతుంది, జబ్బు మిగులుతుంది. యాక్సిలరేటర్ ఉన్న ప్రతి ఆసుపత్రీ ఇది మొదలుపెట్టాలని నా వాదన కాదు.

నా వాదన ఇది. ఈ చికిత్స స్థానం కాథెటర్ మొదటిసారి విఫలమైన చోట ఉందా లేదా అన్నది యాదృచ్ఛిక పరీక్షలోనే తేలాలి. ప్రపంచం ఆ దిశకు కదిలింది కూడా. రేడియేషన్ యంత్రాలు తయారుచేసే వేరియన్ సంస్థ మొదలుపెట్టిన రేడియేట్-వీటీ పరీక్ష రేడియేషన్‌ను పోల్చేది మరోసారి చేసే కాథెటర్ అబ్లేషన్‌తోనే. ఐరోపాలో 2021లో మొదలైన స్టాప్‌స్టార్మ్ కూటమి అక్కడి కేంద్రాల ఫలితాలను ఒక్కచోట చేర్చే పని పెట్టుకుంది. కాథెటర్‌తో సమానంగా నిలబెట్టి పరీక్షించడం మొదలైన చికిత్సను ఇంకా అన్నిటి తర్వాత వరసలో నిలబెట్టడానికి కారణం అలవాటు తప్ప మరొకటి నాకు కనిపించడం లేదు.

మన దగ్గర పరిస్థితి ఏమిటి? భారతీయులకు గుండెపోటు పాశ్చాత్యుల కన్నా చిన్న వయసులోనే వస్తోంది. అంటే మచ్చతో బతకాల్సిన ఏళ్లు మనవాళ్లకు ఎక్కువ. హైదరాబాద్ నిమ్స్‌లో, తిరుపతి స్విమ్స్‌లో గుండె విభాగమూ రేడియేషన్ విభాగమూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. ఈ చికిత్సకు కావలసిన రెండు రకాల నిపుణులూ ఒకే కప్పు కింద దొరికే చోట్లు ఇవి. క్యాన్సర్ రోగులే యంత్రం కోసం వారాల తరబడి వేచి ఉంటే గుండె రోగులకు సమయం ఎక్కడిది అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ క్యాన్సర్‌కు వారాల పాటు రోజూ రావాలి, దీనికి ఒక్కసారి వస్తే చాలు. యంత్రం మీద పడే భారం కన్నా ప్రణాళిక వేసే భౌతిక శాస్త్రజ్ఞుల మీద, లయ నిపుణుల మీద పడే భారం ఎక్కువ. కాబట్టి రాష్ట్రానికి ఒకటి రెండు కేంద్రాలు, అవి కూడా పరీక్షలో భాగంగా, నైతిక సంఘం అనుమతితో, చికిత్స పొందిన ప్రతి మనిషినీ కనీసం పదేళ్లు నమోదులో ఉంచి చూసే షరతుతో మొదలుకావాలి. ఆ నమోదుకు డబ్బు ప్రభుత్వమే పెట్టాలి. ఆసుపత్రి తన ఖర్చుతో పదేళ్లు రోగిని వెంబడించదు.

ఇవన్నీ ఏర్పడేలోగా కూడా ఒక మార్పు రేపే చేయవచ్చు, దానికి యంత్రమూ అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. మొదటి కాథెటర్ చికిత్స విఫలమైన రోగికి ముందున్న దారులన్నీ చెప్పాలి. మందు మోతాదు పెంచితే ఏమవుతుంది, మళ్లీ కాథెటర్ చేస్తే ఏమవుతుంది, రేడియేషన్ అనేది ఒకటి ఉంది, దాని గురించి ఇంతవరకు తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, దాని పరీక్షలు ఎక్కడ జరుగుతున్నాయి. లయ నిపుణుడూ రేడియేషన్ వైద్యుడూ కలిసి కూర్చుని చెప్పాలి. రోగి వద్దనవచ్చు, అది అతని హక్కు. కానీ ఇప్పుడు ఆ మాట రోగి చెవిన పడేసరికి అతను తుఫాను మధ్యలో, మత్తులో, వెంటిలేటర్ మీద ఉంటున్నాడు. సంతకం పెట్టేది ఐసీయూ బయట నిలబడ్డ కొడుకో, భార్యో అవుతున్నారు.